శనివారం బస్తా

విలాస్‌కు రెండు కొలువులు. ఒకటి నాందేడ్ వజీరాబాద్‌లో విశ్వేశ్వర్ సేఠ్ బట్టల కొట్టులో చీరలు చూపించడం. రెండోది స్కూలు ఆటో. పొద్దున కొట్టు తెరవకముందే పిల్లల్ని బడిలో దింపుతాడు. మధ్యాహ్నం అన్నానికి వదిలిన గంటలో వాళ్లను ఇళ్లకు చేరుస్తాడు. ఆ గంటలో అతను అన్నం తినడం మేమెవరమూ చూడలేదు. సాయంత్రం ఎప్పుడో డబ్బా మూత తీసి, "గిట్ల చల్లగైనంకనే రుచి," అంటాడు. అబద్ధం. వేడి అన్నం వద్దనేవాణ్ణి నేను ఈ జన్మలో చూడలేదు.

నేను ఆ కొట్టు అరుగు మీదే మిషను పెట్టుకుని చీరలకు ఫాల్ కుడతాను. లోపల జరిగేదంతా నాకు కనిపిస్తుంది. కనిపించనిది విలాస్ చెప్పాడు.

అతనిది మర్ఖేల్, తెలంగాణ సరిహద్దులోని ఊరు. తండ్రి నాగన్న బతికినన్నాళ్లూ ఇతరుల చేలల్లోనే చెమటోడ్చాడు. విలాస్ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నేర్చుకుని, పదో తరగతి కాగానే పట్నం చేరాడు. భార్య శీతల్ ఒక ఆసుపత్రిలో ఆయా. ఒక్కతే కూతురు ప్రాచి మూడో తరగతి. తరోడా నాకా దగ్గర ఇంగ్లీషు బడిలో వేశారు. కొట్టు జీతంతో ఆ బడి సాగదని తెలిసి విలాస్ పాత ఆటో ఒకటి తీసుకున్నాడు. అదే బడికి వెళ్లే ఇంకో ఆరుగురు పిల్లల్ని మాట్లాడుకున్నాడు. వెనక ఆ ఆరుగురు, ముందు తండ్రి పక్కన సీటు అంచు మీద ప్రాచి. ఆ ఆటో తిరిగేదే ఆ పిల్ల కోసం.

సేఠ్‌కు సంగతి తెలుసు. "నడుపుకో, నేనొద్దంట లేను. కని ఎన్నడన్న నా గిరాకికి అడ్డమొచ్చిందంటే మాత్రం, గా దినమే రెండిట్ల ఒకటి ఇడిచిపెట్టాలె," అని మొదట్లోనే తేల్చి చెప్పాడు. సేఠ్ చెడ్డవాడేం కాదు, వ్యాపారి అంతే. ఆ మాట తర్వాత విలాస్ ఒక్కనాడూ ఆలస్యం చేయలేదు.

శనివారం బడి ఒక్కపూటే. పన్నెండు కాకుండానే వదిలేస్తారు. అందుకని శనివారాలు విలాస్ పెద్ద బేరం జోలికి పోడు, చిల్లర గిరాకీ చూసుకుంటాడు. ఆ శనివారం కొట్టు తెరుస్తూనే రెండు జీపులు వచ్చి ఆగాయి. బస్తా వచ్చింది. పెళ్లికి కావలసిన బట్టలన్నీ, పెళ్లికూతురి శాలూ పట్టుచీర మొదలు మేనత్తల చీరలు, బావల టోపీల దాకా, రెండు పక్షాలవాళ్లూ కలిసి ఒకే బైఠకులో కొని మూట కట్టించుకోవడాన్ని ఇక్కడ బస్తా అంటారు. సేఠ్‌కు అదే పండగ. పిల్లవైపు వాళ్లు మర్ఖేల్ దగ్గరివాళ్లు, తెలుగువాళ్లు. పిల్లగాడివైపు వాళ్లు మరాఠీవాళ్లు. ఇద్దరి మధ్యా కూర్చుని రెండు భాషల్లోనూ సర్దిచెప్పగలిగినవాడు కొట్టులో ఒక్కడే.

"సేఠ్‌జీ, ఇయ్యాల శనివారం," అన్నాడు విలాస్ నెమ్మదిగా.

"ఒక్క గంట పని. కూసో," అన్నాడు సేఠ్.

ఆ మాట నమ్మి విలాస్ తెల్ల పరుపు మీద కూర్చుని మొదటి చీర మడత విప్పాడు. తప్పంతా అక్కడే జరిగింది. ఒక్క గంటలో తెమిలిన బస్తాను ఈ వజీరాబాద్‌లో ఎవరైనా చూశారేమో గాని, నేను చూడలేదు. పైగా పిల్ల నాయనమ్మ సుందరబాయికి ఒక పట్టింపు. మొదటి మడత విప్పిన మనిషి, మూట కట్టి కుంకుమ పెట్టేదాకా ఆ చోటు ఖాళీ చేయకూడదట. చేస్తే పెళ్లికి మంచిది కాదట.

పిల్లగాడి మేనత్త ఒక చీర వేలితో ఎత్తి, ఇది చీరా దోమతెరా అని మరాఠీలో అడిగింది. విలాస్ తెలుగులోకి తిరిగి, "కొంచెం బరువుది చూపియ్యమంటున్నరు," అన్నాడు.

సుందరబాయి నవ్వింది. "నాకు మరాఠీ రాదనుకున్నవా కొడుకా? పుట్టినకాడి నుంచి గా ఊళ్లల్లనే ఉన్న. దోమతెర అన్నది."

అందరూ నవ్వారు, విలాస్ తప్ప. అతని చూపు గోడ గడియారం మీద ఉంది. పెళ్లికూతురి చీర తేలింది. తల్లి చీర తేలింది. చుట్టాలకు పెట్టే మర్యాద చీరల దగ్గర బేరం ఇరుక్కుంది. ముగ్గురు మేనత్తలకు ఒకే ధర చీరలు పెట్టాలని పిల్లవైపు వాళ్లు, పెద్దామెకు ఒక మెట్టు ఎక్కువ ఉండాలని పిల్లగాడివైపు వాళ్లు. కుప్పలు కుప్పలుగా చీరలు విప్పుతున్నారు. విలాస్ మెడ వెనక చెమట పట్టడం నాకు అరుగు మీది నుంచి కనిపిస్తోంది. అతను నా వైపు చూసి, బొటనవేలు చెవి దగ్గర పెట్టి సైగ చేశాడు. శీతల్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. వార్డులో ఉంటే ఫోను దగ్గర పెట్టుకోనివ్వరు. నేను వెళదామంటే నాకు ఆటో నడపరాదు. వేరే ఆటోవాణ్ణి పంపినా లాభం లేదు, ఎరిగిన మొహం కాకపోతే ఆ పిల్లలు ఎక్కరు.

బడి వదిలే వేళ దాటిపోయింది. ఆ బడి గేటు ముందు పెద్ద రోడ్డు, ఇసుక లారీలు ఆగకుండా పోతుంటాయి.

విలాస్ లేచి నిలబడ్డాడు. చేతిలో ఇంకా ఒక చీర కొంగు ఉంది.

"ఏందిది?" అన్నాడు సేఠ్.

"పిల్లలు రోడ్డు మీద ఉన్నరు సేఠ్‌జీ. దించి అస్త."

"బస్తా నడుమ లేస్తరా? నీకు ముందే చెప్పిన."

రెండు పక్షాలవాళ్లూ మాటలాపి చూశారు. సుందరబాయి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. చీరల మధ్యలోంచి మెల్లగా నడిచి వచ్చి, విలాస్ లేచిన చోట సరిగ్గా అక్కడే చతికిలబడింది.

"జాగ ఖాళీ ఉండొద్దు, గంతే గద. నేను కూసుంట. నువ్వు పో కొడుకా. పిల్లల సంగతి."

సేఠ్ ముసలామెను ఏమీ అనలేక, కోపమంతా విలాస్ మీదకు మళ్లించాడు. "అర్ధ గంట. దాటిందంటే మల్ల రాకు."

విలాస్ ఆటోను ఎలా నడిపాడో అతనికే తెలియదు. ఐటీఐ దాటి, వర్క్‌షాప్ కార్నర్ దగ్గర సిగ్నల్ కూడా చూడలేదట. బడి ముందు ఆగేసరికి అక్కడ ఇంకే ఆటో లేదు. గేటు పక్కన రేకుల నీడలో అతని పిల్లలు మాత్రం నిలబడి ఉన్నారు. చూడగానే ప్రాణం లేచి వచ్చింది. తర్వాత లెక్కపెడితే ఒకరు తక్కువ. అనికేత్ లేడు. అందరిలోకీ చిన్నవాడు, కేజీ పిల్లవాడు.

"ఇప్పటిదాక ఈడనే ఉండె బాపూ," అంది ప్రాచి. "నా చెయ్యి ఇడిపిచ్చుకున్నడు."

"నువ్వు లోపట చూడు. నేను బయట చూస్త. ఉరుకు."

ప్రాచి బడిలోకి పరుగెత్తింది. విలాస్ రోడ్డు మీదికి పరుగెత్తాడు. అనికేత్ అవతలి పక్క ఐస్ గోలా బండి దగ్గర నిలబడి, రంగు సీసాల వంక నోరు తెరిచి చూస్తున్నాడు. వాడిని చేరే లోపల రెండు లారీలు దాటాల్సి వచ్చింది. విలాస్ వాడిని చంకలో వేసుకుని పరుగున తెచ్చాడు. మళ్లీ దిగి పారిపోకుండా తన పక్కనే, సీటు అంచు మీద కూర్చోబెట్టి ఒక చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. వెనక పిల్లల్ని ఎక్కించి తలలు లెక్కపెట్టాడు. ముందొకడు, వెనక ఐదుగురు. ఆరుగురూ ఉన్నారు. ఇక చాలు.

వెనక నుంచి ఎవరో, "కాకా..." అనబోయారు.

"ఒక్కరు మాట్లాడొద్దు," అని గద్దించాడు. జీవితంలో ఎన్నడూ ఆ పిల్లల మీద అరవని మనిషి. వాళ్లు బిక్కచచ్చిపోయారు.

ఆ ఆరుగురూ ఊళ్లోవాళ్ల పిల్లలు. ఒక్కరు తక్కువైనా ఎవరో ఒక తల్లికి జవాబు చెప్పాలి. రోజూ అతను లెక్కపెట్టేది వాళ్లనే. సొంత బిడ్డ ఎప్పుడూ పక్కనే ఉండేది కాబట్టి ఆమె లెక్కలో లేదు. ఇందులో అతన్ని తిట్టాలో, అతనికోసం ఏడవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఒక్కో ఇంటి ముందు ఒక్కొక్కరిని దింపుతూ పోయాడు. జేబులో ఫోను మోగుతోంది. సేఠ్. చివరిది అనికేత్ ఇల్లు. తల్లి గుమ్మంలోకి వచ్చింది. కొడుకు సంచి రోజూ ప్రాచి మోసుకొచ్చి ఇస్తుంది. ఆమె కొడుకును చూసి, ఆటోలోకి తొంగిచూసింది.

"ప్రాచి కుఠే ఆహే?" అని అడిగింది, ప్రాచి ఎక్కడని.

విలాస్ పక్కకు తిరిగి సీటు చూశాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఆ తర్వాత ఆమె ఇంకేదో అడిగింది గాని వినిపించలేదట.

తిరిగి వచ్చేసరికి బడి గేటుకు తాళం పడింది. వాచ్‌మన్ తన గదిలో అన్నం తింటున్నాడు. లోపల ఎవరూ లేరన్నాడు. ఉందని విలాస్ అరిచాడు. తాళం తీస్తుంటే పైఅంతస్తు నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. "అనికేత్... ఓ అనికేత్..." అని. అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు.

విలాస్ మెట్లెక్కాడు. మోకాళ్లకు దుమ్ము అంటుకుని, రిబ్బను ఊడిపోయి, వరండా చివర ప్రాచి ఒక్కో గది కిటికీలోంచి తొంగిచూస్తూ వస్తోంది. తండ్రిని చూడగానే ఏడుపు ఆగలేదు.

"బాపూ, దొరుకుతలేడు. బెంచీల కింద సుత చూసిన. బాత్రూంల సుత చూసిన. ఆని అమ్మకు ఏం చెప్తం?"

విలాస్ ఆమె ముందు కూలబడ్డాడు. "ఇంటికాడ దించిన బిడ్డా," అన్నాడు. "రోడ్డు మీదనే దొరికిండు."

"ఎప్పుడు?"

"నువ్వు లోపటికి పోంగనే."

ప్రాచి ఏడుపు ఆగిపోయింది. తండ్రి మొహం వంక కాసేపు చూసింది. ఆటో దాకా అతని చెయ్యి పట్టుకోకుండానే నడిచింది.

ఇద్దరూ కొట్టుకు వచ్చేసరికి అర్ధగంట ఎప్పుడో దాటింది. సుందరబాయి ఇంకా అక్కడే కూర్చుని ఉంది. చీరలన్నీ తేలిపోయాయి, మూట మాత్రం కట్టనివ్వలేదట. సేఠ్ గల్లా దగ్గర లేచి నిలబడ్డాడు. నోరు తెరవబోయి, దుమ్ము కొట్టుకున్న ఆ పిల్లను చూసి ఆగాడు. విలాస్ ఎవరి మొహమూ చూడకుండా వచ్చి మూట దగ్గర కూర్చున్నాడు. పక్కన ప్రాచి నిలబడింది.

సుందరబాయి పిల్ల గడ్డం పట్టుకుంది. "గట్ల ఏడ్చినవేందే బిడ్డా? ఏమైంది?"

"ఏం లేదవ్వా," అంది ప్రాచి, మామూలుగా. "నేను బడిల ఉండిపోయిన. బాపుకు ఎర్కనే లేదు."

విలాస్ తల వంచుకుని మూట కొసలు రెండూ పట్టుకున్నాడు. ముడి వేయబోయాడు. జారిపోయింది. మళ్లీ వేయబోయాడు. మళ్లీ జారింది. చివరికి నేనే అరుగు దిగి లోపలికి వెళ్లి ఆ ముడి వేశాను. సుందరబాయి వద్దనలేదు.