మొసలి చుట్టం తొడ ఎముక

ఎదురింట్లో ఫాల్స్ సీలింగ్ పని జరుగుతోంది. తడి ప్లాస్టర్ వాసన మా బహదూర్‌పల్లి ఫ్లాట్‌లోకి రాగానే సుగుణ మేడం గుర్తొచ్చారు. గోదావరి లోయ రాళ్లలో దొరికిన ఎముకలకు గోనెగుడ్డ చుట్టి, ప్లాస్టర్ పూసి, శామీర్‌పేటలోని తన ప్రయోగశాలకు తెచ్చేవారు ఆమె. పెళ్లికి ముందు ఆ కట్లు విప్పి, సూదితో రాయి గీకి, ఎముకను బయటికి తీయడం నా ఉద్యోగం.

అలా బయటపడిందే డైనోసార్ల కాలం నాటి ఆ మొసలి చుట్టం. బారెడు పొడవైనా లేదు. పొడవాటి కాళ్లతో నేల మీద పరుగెత్తేదట. దాని పళ్లు, పుర్రె తెలిసిన ఏ జంతువుతోనూ కలవలేదు. రిటైరయ్యేలోగా ఒక్క కొత్త జాతికైనా పేరు పెట్టాలన్నది మేడం కోరిక. వ్యాసం కూడా సిద్ధమైంది. కానీ ఇది ఏదో పెద్ద జంతువు పిల్ల అయితే? అప్పుడు ఆ పేరు నిలవదు. తేల్చాలంటే తొడ ఎముకను అడ్డంగా కోసి, చెట్టు మానులో లాగా ఎదుగుతున్న కొద్దీ లోపల ఏర్పడే వలయాలు చూడాలి. ఉన్నది ఒక్కటే తొడ ఎముక.

"కొయ్యకండి మేడం, మళ్లీ దొరకదు. పిల్ల అని తేలితే మీ కష్టమంతా పోతుంది," అన్నాను.

"నీది మనిషి గుండెనా, కోడిపిల్ల గుండెనా? గంత పరేషాన్ ఏందమ్మా!" అని నవ్వారు. అంతలోనే నవ్వు ఆగింది. "పిల్లనో పెద్దదో నాకే తెల్వకుంటే పేరెట్ల పెడ్త? ముందుగాల అచ్చు తీసి నకలు పొయ్యి. ఇగ కోద్దాం."

నకలు ఆరాక కోశారు. ముక్కను గాజు పలకకు అతికించి వెలుతురు దూరేంత పలచగా అరగదీశారు. మైక్రోస్కోప్‌లో చూసి మేడం పక్కకు జరిగారు.

"నువ్వు జూడు."

చూశాను. మధ్యలో ఎడంగా ఉన్న వలయాలు అంచుకు వచ్చేసరికి ఒకదానికొకటి అతుక్కుపోయినట్టున్నాయి.

"ఎదుగుడు ఆగింది. పిల్ల గాదు తల్లీ, గిది ముసల్ది! దీని సైజే గింత!" అన్నారు. కళ్లు తుడుచుకుంటూ నన్నే కసిరారు: "గట్ల జూస్తవేంది, జల్దీ చాయ్ వెట్టు."

మేడం పెట్టిన పేరు ఇప్పటికీ నిలిచే ఉంది.

మా పాప తన ఈడు పిల్లలకంటే బాగా పొట్టి. ఎముకల వయసు తెలుసుకోవడానికి మణికట్టుకు ఎక్స్‌రే తీయించమని డాక్టరమ్మ చెప్పింది. ఏం వినాల్సి వస్తుందోనని వాయిదా వేస్తూ వచ్చాను. ఎముకలో ఉన్నది నేను చూడనంత మాత్రాన మారిపోదు కదా. భయం తగ్గలేదు. అయినా రేపు పొద్దున్నే పాపను తీసుకువెళుతున్నాను.