కోపమొస్తే దిగిపోయే బండి

మా అత్త తాయమ్మాళ్ బేరమాడే విద్య నోట్లో లేదు, కాళ్లలో ఉంది. ధర వింటుంది, మూతి తిప్పుతుంది, లేచి నడిచిపోతుంది. అంతే. ఇరవై అడుగుల లోపల అంగడివాడు "అమ్మా, రండి రండి" అని పిలవకపోతే అది అంగడే కాదని ఆమె లెక్క. నా పెళ్లిచీర కొనేటప్పుడు అరుప్పుకోట్టైలో అలా కోపంగా పోయి బస్సెక్కి టికెట్టు కూడా తీసేసుకుంది. చీరల కొట్టాయన బస్సుకు అడ్డం నిలబడి ధర తగ్గించాడు. టికెట్టు డబ్బు తిరిగి ఇయ్యనన్నాడని కండక్టరుతో ఇంకో పావుగంట గొడవ. కాబోయే కోడల్ని, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

తమిళనాడులో కయత్తారు పక్కన మా నల్లరేగడి చేలో పండిన మిరపకాయలు విరుదునగర్ తీసుకుపోతే, మామ అమ్మితే ఒక ధర, అత్త అమ్మితే ఒక ధర. మామ నల్లసామి నెమ్మదైన మనిషి. వ్యాపారి ఏమన్నా "సరి" అనేసి, టీ తాగి వచ్చేస్తాడు. చెవులు కూడా సగమే పనిచేస్తాయి కాబట్టి దేనికి సరి అన్నాడో ఆయనకే తెలియదు.

రెండేళ్ల కిందట షుగరు ముదిరి అత్త కుడికాలు మోకాలి దాకా తీసేశారు. మేం ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఆస్పత్రిలో తమిళంలో 'సక్కర నాఱ్కాలి' తెచ్చుకోమన్నారు. చక్రాల కుర్చీ అని. అత్త చెవిలో అది చక్కెరగానే పడింది.

"సక్కెర రోగానికి సక్కెర కుర్చీ ఇస్తారా? సదువుకున్నోళ్లేనా వీళ్లు?" అని డాక్టరమ్మను నిలదీసింది. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు చక్కెర కుర్చీయే.

కుర్చీ వచ్చింది, బేరం పోయింది. ఒకరోజు వీధిలో కూరగాయలమ్మే ఆండి, అత్త మూతి తిప్పగానే నవ్వేసి, "ఏమి తాయమ్మా, పోతావా? పో, చూస్తాను" అన్నాడు. అత్త వాడడిగిన డబ్బు ఇచ్చేసింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

"కోపమొస్తే లేసి పొయ్యేదానికి లేకుంటే నేను ఏమి మనిసినే, మునీశ్వరీ?" అంది నాతో. పదిహేనేళ్లుగా ఆమె బేరాలకు సిగ్గుపడి చచ్చినదాన్ని, ఆరోజు వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఆ తర్వాత గాలిమర కంపెనీ మా చేలో రెండెకరాలు కొన్నది. ఆ డబ్బుతో, కుర్చీతో పాటే అత్త ఎక్కగలిగే బండి కొందామన్నాడు మా ఆయన. అప్పటిదాకా ఎక్కడికి పోవాలన్నా ఇద్దరు మనుషులు ఆమెను ఎత్తి, సామాన్ల ఆటోలో మూటల మధ్య కూర్చోబెట్టేవాళ్లు. నాలుగు లక్షలు దాటకూడదని అనుకున్నాం.

మొదట కోవిల్‌పట్టిలో ఒక బండ్ల కొట్టుకు పోయాం. దారిలో మామకు నేనే పాఠం చెప్పాను. అత్త 'తళ్ళు' అంటే చాలు, కుర్చీని బయటికి తోసుకుపోవాలి, వెనక్కి చూడకూడదు. తమిళంలో తళ్ళు అంటే తొయ్యడమే. నర్సమ్మ నేర్పిన మాట అది. అది వినపడితే మామ చేతులు వాటంతటవే కదులుతాయి.

అక్కడి అమ్మకందారు ఒక బండి చూపించి నాలుగు ఎనభై చెప్పాడు. అత్త మూతి తిప్పింది. ఇంకా ఏమీ అనలేదు. పాపం ఆయన మంచివాడు, ముందే మెత్తబడి, "తళ్ళుపడి ఇస్తానమ్మా" అన్నాడు. తళ్ళుపడి అంటే తగ్గింపు ధర. మామకు ముందు సగమే వినబడింది. కుర్చీని గిర్రున తిప్పి గేటు బయటికి పరుగు!

"ఆపయ్యా! తగ్గిస్తా ఉండాడు, ఆపు!" అని అత్త అరుస్తోంది. తగ్గించింది చాలలేదేమోనని ఆయన వెనక నుంచి, "ఇంకా తళ్ళుపడి ఇస్తాను!" అని కేకేశాడు. మామ ఇంకా వేగం పెంచాడు. చివరికి ఆయాసం వచ్చి వేరుశనగల కడలమిఠాయి అమ్మే ఒక కొట్టు ముందు ఆగాడు. అక్కడే అత్త ఆయన్ని గంటసేపు కడిగేసింది. మేం తిరిగి పోయేసరికి ఆ బండికి ఇంకెవరో అడ్వాన్సు ఇచ్చేశారు.

మరుసటి వారం విరుదునగర్. అక్కడ పాత బండ్లకు ర్యాంపులు, లిఫ్టులు బిగించి అమ్మే షెడ్డు ఉంది, మిట్ట మీద. యజమాని తంగరాజ్ ఇంట్లో మాట్లాడేది తెలుగే. అది తెలియగానే అత్త నా చెవిలో, "మనోడే. అట్లయితే ఇంకా తగ్గించాల" అంది. మామను ఎదురు టీకొట్లో కూర్చోబెట్టమని కూడా చెప్పింది.

తంగరాజ్ మొదట లిఫ్టు బండి చూపించాడు. బటన్ నొక్కితే కుర్చీతో సహా పైకి లేపుతుంది, దించుతుంది.

"కోపమొస్తే నేనే దిగి పోవచ్చునా?" అని అడిగింది అత్త.

ఇన్నేళ్ల వ్యాపారంలో ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడిగినట్టు లేదు. "పోవచ్చమ్మా. నిదానంగా దించుతాది. రెండు నిమిసాలు" అన్నాడు.

"రెండు నిమిసాల్లో కోపం ఆరిపోతాదే! వద్దు."

తర్వాత ముందు సీటు బయటికి తిరిగే కారు. మనిషి సీట్లో, కుర్చీ డిక్కీలో. డిక్కీ తీసి కుర్చీ ఎవరైనా ఇస్తేనే దిగడం. "నా కోపానికి ఇంకొకడు తలుపు తియ్యాలనా?" అని అదీ వద్దంది.

మూడోది వెనక ర్యాంపున్న పాత వ్యాను. లోపల వేలాడే పట్టీ లాగితే తలుపు తెరుచుకొని, ర్యాంపు టపామని నేలమీద పడుతుంది. ఎక్కడానికి మాత్రం ఒకరు తొయ్యాలి.

"ఎక్కేదానికి ఎవురైనా తోస్తారు. దిగేదే మన సేతిలో ఉండాల" అని అత్త లోపల స్థిరపడింది. నేనూ తంగరాజూ కలిసి తోశాం, చెమటలు పట్టాయి.

వెల నాలుగు ఇరవై అన్నాడు. అత్త మూడున్నర అంది. తంగరాజ్ నవ్వాడు. "పెద్దదానివి, అట్ల అడగొద్దమ్మా. అక్కరుండాది గదా, తీసుకో."

ఆ అక్కర అన్న మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అత్త పట్టీ లాగింది. ర్యాంపు పడిన చప్పుడుకు టీకొట్లో మామ కూడా ఉలిక్కిపడ్డాడు. అత్త చక్రాలకు అరచేతులు అడ్డం పెడుతూ జర్రున దిగి, షెడ్డు దాటి, గేటు దాటి, మిట్ట దిగి పోతూనే ఉంది. వెనక్కి చూడలేదు. భయంతోనో సంతోషంతోనో ఇప్పటికీ చెప్పలేను గానీ, "పో అత్తా, పో!" అని గట్టిగా అరిచేశాను.

"అమ్మా, రండి! నాలుగు!" అని తంగరాజ్ వెంట పరిగెత్తాడు. "మూడు తొంబై!" అత్త ఆగలేదు. పల్లం అడుగున ఒక సిమెంటు కొట్టు ముందు కుర్చీ దానంతటదే నిలిచింది. అత్త మొహం చూస్తే చీర కొన్ననాటి మొహమే.

"సరి, పిలిసినావు గదా, వస్తాను" అంది. "తొయ్యి."

ఎండలో, ఎదురు మిట్ట మీద, తంగరాజ్ తొయ్యడం మొదలుపెట్టాడు. నేను సాయం పట్టబోతే అత్త కళ్లతోనే వద్దంది. ఆయనకు ఊపిరాడటం లేదు, ఆమె నోరు ఆగటం లేదు. నడిరోడ్డు మీద, లారీల మధ్య, ఒంటికాలు ముసలమ్మను వదిలేసి పొయ్యేంత రాతిగుండె కాదు ఆయనది. కోపం వచ్చినా లేచి పోలేనివాడు ఇప్పుడు ఆయనే.

సగం మిట్టలో మూడు డెబ్బై అన్నాడు. గేటు కనబడేసరికి మూడు అరవై. గేటు దగ్గర అత్త కుర్చీ బ్రేకు వేసి కూర్చుంది.

"మూడున్నర, అమ్మా, మూడున్నర!" అన్నాడు తంగరాజ్, గేటు పట్టుకుని రొప్పుతూ. "బ్రేకు తియ్యి!"