పిన్ని పేరు మీద కొట్టు

మా చెల్లెలు విశాఖపట్నం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతుంది. అక్కడ నిన్నెవరైనా కట్టేశారా, టికెట్టు కొనుక్కుని వచ్చెయ్యడానికేం అని. నేను ఇవాళ ఏం వండావే అని మాట మార్చేస్తాను. ఎవరూ కట్టెయ్యలేదు. పాస్‌పోర్టులు మా బీరువాలోనే, పట్టుచీరల కింద ఉన్నాయి. అయినా యాంగోన్‌లో, మనవాళ్ళు రంగూన్ అనే ఊళ్ళో, ఇరుక్కుపోయాం. ఎలా ఇరుక్కున్నామో చెబితే నవ్వుతారు. నవ్వినా ఫరవాలేదు, నాకైతే నవ్వు రావడం మానేసింది.

మా ఆయన ఈ దేశం వచ్చింది మింగళాడోన్ వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో లెక్కలు చూసే ఉద్యోగానికి. సైన్యం గద్దెనెక్కి పరిస్థితులు తిరగబడ్డాక ఫ్యాక్టరీ మూతపడింది. తోటివాళ్ళంతా సామాన్లు సర్దుకుని వెళ్ళిపోతే ఈయన మాత్రం సొంత వ్యాపారం అన్నాడు. మొదట మసాలా పొడులు. ఇక్కడివాళ్ళ కూర తీరే వేరు, ఎవరూ కొనలేదు. తర్వాత ఆవకాయ. కాయలో తేమ ఉండిపోయిందో, ఆవపిండి మంచిది కాదో, సీసాలన్నీ పొంగి మూతలు లేచిపోయాయి. గచ్చు మీద ఎర్రనూనె మరక ఇప్పటికీ ఉంది. మూడోది తలనూనె. దాని గురించి చెప్పను, మిగిలిన సరుకు ఇంకా మేమే రాసుకుంటున్నాం. చివరికి నిలబడింది టిఫిన్ కొట్టు.

అది నిలబడింది కూడా పిన్ని వల్ల. పిన్ని మాకు చుట్టం కాదు. తామ్వేలో మేముండే బిల్డింగులో కింది వాటా ఆవిడ సొంతం, నాలుగో అంతస్తులో మేం అద్దెకుంటాం. తాతముత్తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆదివారం తెలుగు బాప్టిస్టు చర్చి, ఒంటి మీద బర్మా లుంగీ, నోట్లో అచ్చం మా నాయనమ్మ తెలుగు. వీధివాళ్ళు ఆవిడ పేరుకి ముందు డా చేర్చి గౌరవంగా పిలుస్తారు. నేను మొదటిరోజే పిన్నీ అనేశాను. ఆ పిలుపుతోనే సగం పని అయిపోయింది.

మాలాంటి పరదేశీయులు తమ పేరు మీద చిన్న కొట్టు పెట్టుకోవడానికి ఇక్కడ కుదరదు. ఆ సంగతి తెలిసి, మేం నోరు తెరవకముందే, నా పేరున పెట్టుకోండి అంది పిన్ని. వీధి వైపు గదిలో ఆవిడ కుట్టుమిషను ఉండేది. దాన్ని వెనక వంటింట్లోకి, నీళ్ళకుండ పక్కకి జరుపుకుని ఆ చీకట్లోనే జాకెట్లు కుట్టుకుంది. లైసెన్సు ఆవిడ పేరున, వార్డు ఆఫీసుకి నడిచేది ఆవిడ, తనిఖీకి ఎవరైనా వస్తే కుర్చీ వేసి మాట్లాడేది ఆవిడ. ఏటేటా మా వీసాలు పొడిగించేది కూడా ఆ కొట్టు కాగితాలు చూసే. ఇంత చేసిన మనిషికి మేం ఏం చెప్పాలన్నా నోరు పెగలదు.

కొట్టు బాగానే నడిచింది, అదే నా ఖర్మ. ఇక్కడివాళ్ళు దోసెని తోషే అంటారు, ఉడికించిన బఠాణీలు వేసుకుని తింటారు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు గ్రైండరు తిప్పాలి. పిండి పులిసిపోకుండా ఏటి అవతల ట్వంటే ఊళ్ళో చేసే మట్టికుండల్లో పోసి, చుట్టూ తడిగుడ్డ చుట్టి, పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకోవాలి. చీకటి పడకముందే వీధి ఖాళీ అవుతుంది. ఇంట్లో ఎవరెవరు పడుకుంటున్నారో చూడడానికి వార్డువాళ్ళు ఎప్పుడైనా రావచ్చు. బాల్కనీ నుంచి కిందికి వేలాడే తాడుకి బుట్ట కట్టి కూరగాయలు పైకి లాక్కుంటాం కాబట్టి, అంగడికి వెళ్ళే వంక కూడా లేదు. పెనం దగ్గర్నుంచి నాలుగో అంతస్తుకి, నాలుగో అంతస్తు నుంచి పెనం దగ్గరికి, మధ్యలో నిట్టనిలువు మెట్లు. కొన్నిరోజులు ఆ మెట్ల మీదే కూర్చుని ఊపిరాడక ఏడ్చాను.

నేను సైన్సు టీచర్ని. గాజువాకలో నేను మానేసి వచ్చిన బడి హెడ్‌మిస్ట్రెస్ కిందటి చలికాలంలో కబురు పెట్టింది. జూన్‌లో బడి తెరిచేనాటికి వస్తే నా ఉద్యోగం నాకే, మా అమ్మాయికి అక్కడే తొమ్మిదో తరగతిలో సీటు. అమ్మాయి చదువు ఇక్కడ ఫోనులో సిగ్నలు దయ మీద నడుస్తోంది. ఆరోజు నుంచి జూన్ తప్ప నాకు ఇంకో నెల కనబడలేదు. కొట్టు మూసేసి అందరం వెళ్ళిపోదాం అన్నాను. మా ఆయన తల ఊపి, మరి పిన్ని సంగతో అన్నాడు. కొడుకు థాయిలాండ్‌లో ఉన్నాడు, ఈ కొట్టే ఆవిడకి కాలక్షేపం, ఆధారం, మనం పోతే ఆవిడ ఏమైపోతుంది అన్నాడు. ముందు ఆవిడకి చెప్పి చూద్దాం అన్నాను.

చెబుదామని రెండుమూడుసార్లు ఇద్దరం కలిసి ఆవిడ వంటింట్లోకి వెళ్ళాం. వెళ్ళగానే పీటలు వేసేది, చిక్కటి పాలటీ పెట్టేది, నువ్వులూ వేరుశెనగలూ కలిపిన టీఆకు ఊరగాయ గిన్నె ముందుకి తోసేది. కొట్టు బాగానే ఉంది గదా, బెంగెట్టుకోకండి అనేది. మేం మొహాలు చూసుకుని, టీ చాలా బాగుంది పిన్నీ అని చెప్పి పైకి వచ్చేవాళ్ళం. ఆ మాటతో ఆవిడ మమ్మల్ని ఉండిపొమ్మని బతిమాలుతోందని నేను అనుకున్నాను. పాపం అని కూడా అనుకున్నాను.

బర్మావాళ్ళకి ఆనా అని ఒకటి ఉంది. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని మనసులో మాట మింగేసి, ఆనాదే అంటారు. మన మొహమాటమే అది, కాకపోతే వాళ్ళు దాన్ని మర్యాదల్లోకెల్లా పెద్ద మర్యాదగా చూసుకుంటారు. పిన్ని తెలుగు మొహమాటం పుట్టుకతో తెచ్చుకుంది, బర్మా ఆనా ఈ దేశపు నీళ్ళతో తాగింది. అలాంటి మనిషి ఎదురుగా మేం కూర్చుంటే ఇక మాట బయటికి వస్తుందా?

మార్చిలో ఒక ఆదివారం పిన్ని చర్చికి వెళ్ళింది. కరెంటు లేనప్పుడు బిల్డింగులో అందరి ఫోన్లూ మా కొట్టు బ్యాటరీకే తగిలించి ఉంటాయి, ఆవిడదీ అక్కడే ఉంది. మోగుతుంటే చూశాను, కొడుకు. అమ్మ చర్చికెళ్ళిందని చెబుదామని ఎత్తాను. సైన్యంలోకి పట్టుకుపోతారని కుర్రాళ్ళంతా దేశం దాటిపోతున్న రోజుల్లో అతనూ దాటాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడు భార్యకి జూన్‌లో కానుపట. అతనికి తెలుగు అర్థమైనంత బాగా పలకదు. బర్మా మాటలు కలుపుకుంటూ, నన్ను అక్కా అనడానికి బర్మావాళ్ళలా మమా అని పిలుస్తూ, ఆగి ఆగి చెప్పాడు.

“అమ్మకి పాస్‌పోర్టు ఉంది మమా. టికెట్ నాను తీత్తాను. రమ్మంటే రాదు. కొట్టోళ్ళున్నారు, నా పేరు మీద బతుకుతున్నారు, నానెలిపోతే ఆళ్ళేటయిపోతారు అంటాది.”

ఆనాదే మమా, మీకు చెప్పకూడదు, చెప్పేశాను అన్నాడు. ఫోను పెట్టేశాక పెనం మీద దోసె మాడి పొగ వస్తున్నా నేను చూసుకోలేదు. ఆవిడ కోసం మేమూ, మా కోసం ఆవిడా, ఒకే గోడకి అటూ ఇటూ కూర్చుని ఇన్నాళ్ళు టీ తాగాం. నాకు ఒళ్ళు మండింది, అంతలోనే ప్రాణం లేచొచ్చింది. ఇక అడ్డేముంది?

పరుగున వెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన సాంబారు కలుపుతూనే ఉన్నాడు. అక్కడికెళ్ళి ఏం చేద్దామంటావ్ అన్నాడు. ఫ్యాక్టరీ పోయింది, పొడులు పోయాయి, ఆవకాయ పోయింది, మీ చెల్లెలి మొగుడి ఎదురుగా ఏ మొహం పెట్టుకుని కూర్చోను, ఇక్కడ కనీసం ఓనర్ గారూ అని పిలుస్తున్నారు అన్నాడు. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్ళూ పిన్ని సంగతో పిన్ని సంగతో అని ఆవిడ కొంగు చాటున దాక్కున్నది ఈయనేనని. నేను అరవలేదు. గరిటె అక్కడ పెట్టి, నేను చెబుతాను ఆవిడకి, మీరు రావద్దు అన్నాను.

మర్నాడు పిన్ని వంటింట్లో కూర్చున్నాను. మీ అబ్బాయి చెప్పాడు, మీరు వెళ్ళండి పిన్నీ, మనవడో మనవరాలో పుట్టే వేళ అన్నాను. ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి పెట్టి, “మరి మీరో?” అంది.

చెప్పాల్సింది ఒక్క మాట. మేమూ వెళ్ళిపోతాం, మాకూ అదే కావాలి అని. అది నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడే నా కళ్ళు ఆ చీకటి మూల మీద, కుండ పక్కన ఇరుకుగా ఉన్న మిషను మీద పడ్డాయి. ఆవిడ గది ఇచ్చింది, పేరు ఇచ్చింది, వెలుతురు ఇచ్చింది. ఎప్పుడెప్పుడు పోదామా అని చూస్తున్నాం అంటే, ఆవిడ పెట్టిన అన్నం ఉమ్మేసినట్టు ఉండదూ? అందుకని, మా గురించి ఆగకండి పిన్నీ, మేం ఎలాగోలా చూసుకుంటాం అన్నాను.

తెలుగువాళ్ళెవరైనా అనే మాటే అది. పిన్ని నా చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. నేను పైకి వచ్చి సూట్‌కేసులు దించాను.

ఏప్రిల్, మే నెలలు నేను చాలా సంతోషంగా ఉన్నాను. హెడ్‌మిస్ట్రెస్‌కి వస్తున్నానని చెప్పేశాను. గ్రైండరు పైవాటా ఆవిడకి ఇస్తానని మాట ఇచ్చాను. అమ్మాయి స్నేహితురాళ్ళ దగ్గర సెలవు తీసుకుంటూ బర్మా భాషలో ఏడుస్తుంటే, తెలుగులో ఓదార్చాను. పిన్ని రెండుమూడుసార్లు పడవెక్కి ట్వంటే వెళ్ళొచ్చింది. అక్కడ ఆవిడ అక్క కూతురు ఉంది. దూరం పోతోంది కదా, చూసి వస్తోంది అనుకున్నాను. మా ఆయన కూడా ఒక పూట కొట్టు నాకొదిలేసి వార్డు ఆఫీసుకి వెళ్ళాడు. లైసెన్సు రద్దు చేయించడానికే అనుకున్నాను. సర్దుతుంటే పక్కనే నిలబడి పెట్టె మూత పట్టుకునేవాడు. మెత్తబడ్డాడని మురిసిపోయాను.

మే చివర్లో, పిన్ని ప్రయాణం రోజున ఇద్దరం ఎయిర్‌పోర్టుకి వెళ్ళాం. లోపలికి వెళ్ళే తలుపు దగ్గర జనం తోసుకుంటున్నారు. పిన్ని చేతిసంచీ భుజానికి తగిలించుకుని నన్ను దగ్గరికి లాక్కుంది.

“మిమ్మల్నొట్టినే ఒదిలేసి పోతాననుకున్నావా అమ్మా? ఎలాగోలా సూసుకుంటామన్నావు, ఆ మాటకి నాకు నిద్దరట్టలేదు. కొట్టు మా అక్క కూతురు పేరున మార్పించీసినాను. నీకు ముందే సెప్తే ఒద్దంటావని ఆయనకే సెప్పినాను. ఇయాల్నించి ఆ పిల్ల కిందే ఉంటాది. మీకింక ఏ బయం లేదు.”

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ట్రాలీ చక్రాల వైపు చూస్తున్నాడు. వెనకనుంచి ఎవరో త్వరగా కదలమన్నారు. పిన్ని మొహం వెలిగిపోతోంది, మా కోసం ఏదో చెయ్యగలిగానన్న వెలుగు. ఆ మొహాన్ని చూస్తూ ఏమనగలను? ఎందుకు పిన్నీ మా కోసం ఇంత శ్రమ పడ్డారు అన్నాను. ఆవిడ నవ్వి, తలుపు దాటి వెళ్ళిపోయింది.

టాక్సీలో నేను నోటికి వచ్చినట్టు తిట్టాను. మోసగాడా అని కూడా అన్నాను, పెళ్ళయ్యాక ఆ మాట ఎన్నడూ అనలేదు. డ్రైవరుకి భాష రాకపోయినా రేడియో గొంతు తగ్గించాడు. మా ఆయన చివరిదాకా విని, పిన్ని అంత ఆశగా చెబుతుంటే వద్దని ఎలా అంటాను అన్నాడు. నువ్వు మాత్రం అన్నావా అన్నాడు. కిటికీలోంచి చూస్తూ, ఇంటికి వెళ్ళగానే ఆ పిల్లతో మాట్లాడి పంపించేస్తాను, నేను చెప్పగలను, ఆవిడ నాకు పిన్ని కాదు, ఏమీ కాదు, మొహమాటమేముంది అని గట్టిగా అనుకున్నాను. దారంతా ఆ వాక్యాలు కూడబలుక్కున్నాను.

కొట్టు ముందు బెంచీ మీద నలభై ఏళ్ళ మనిషి కూర్చుని ఉంది. చెంపలకి ఇక్కడివాళ్ళు రాసుకునే థనకా చెక్క గంధం, కాళ్ళ దగ్గర గోనెసంచి. నన్ను చూడగానే లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. గోళ్ళ సందుల్లో బంకమట్టి ఇంకా పోలేదు, ట్వంటేలో కుండల బట్టీ దగ్గర పనిచేసేదట. నేను అనుకున్న మొదటి వాక్యం ఎత్తుకోబోయాను. నాకంటే ముందు ఆమే మాట్లాడింది, మేష్టారికి పాఠం అప్పజెప్పినట్టు, నేలచూపులు చూస్తూ.

“పిన్నమ్మ సెప్పింది, మీకిక్కడ ఎవులూ లేరంట గదా అక్కా. అందుకే పని మానీసి ఒచ్చీసినాను. ఇల్లు కూడా ఇచ్చీసినాను. నాను మిమ్మల్నొదిలి ఎక్కడికీ ఎల్ను.”

నేను వంగి గోనెసంచి అందుకున్నాను. బరువుగా ఉంది. లోపలికి దారి చూపిస్తూ, భోంచేశావా అమ్మా అని అడిగాను.