ఎడమ వెనక చక్రం

మామయ్యగారు ఆ మాట మొదటిసారి అన్నది అమీర్‌పేట సిగ్నల్ దగ్గర.

"ఒరేయ్, కింద ఏదో టక్ టక్‌మంటోంది."

కారు నడుపుతున్న మావారు తల వంచి విన్నారు. పక్కన కూర్చున్న నేనూ చెవి రిక్కించాను. హారన్లు, ఆటోల మోత, కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచేవాళ్ల కేకలు తప్ప మాకేమీ వినిపించలేదు.

"పాత బండి కదా నాన్నా. ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది."

"ఏదో ఒకటి కాదురా. నా కిందే మోగుతోంది."

ఆయన ఎప్పుడూ వెనక సీట్లో ఎడమవైపు కూర్చునేవారు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మంగళవారం, శుక్రవారం పంజాగుట్టలో ఆసుపత్రికి తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. పొద్దున బాగానే కూర్చుని వెళ్లేవారు. తిరిగొచ్చేటప్పుడు బీపీ పడిపోయి, సీటు మీద కాళ్లు ముడుచుకుని పడుకునేవారు. ఒకసారి ఆటోలో తీసుకొస్తే, ఇల్లు చేరేసరికి మనిషి నా భుజం మీద వేలాడిపోయారు. అందుకే ఆ కారు కొన్నాం. కృష్ణానగర్‌లో సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేసే ఒకాయన అమ్మాడు. చక్రాలకు మూతలు ఒక్కటీ లేవు, ఒక తలుపు లోపలినుంచే తెరుచుకుంటుంది. అయినా అది మా వాకిట్లోకి వచ్చిన రోజు నేను దేవుడి ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మామయ్యగారు పడుకుని ఇంటికి రావచ్చు, అంతకంటే ఏం కావాలి?

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. అక్షరాలు, లెక్కలు, శ్లోకాలు అన్నీ మా నాన్నగారు ఇంట్లోనే నేర్పారు. యంత్రాల సంగతి నాకు బొత్తిగా తెలియదు. మనకు పని చేసిపెట్టేదానికి దణ్ణం పెట్టుకోవాలని మాత్రం తెలుసు. శుక్రవారం పొద్దున్నే గుమ్మానికి, గ్రైండరుకి, పొయ్యికి బొట్లు పెట్టి, కారు దగ్గరికి వెళ్లేదాన్ని. చక్రాలకు మూతలు లేవు గనక నట్లు బయటికే కనిపించేవి. తడి పసుపు ఒక్కో నట్టు మీద పెట్టి, అంచు దాటించి చక్రం మీదికి కూడా రాసి, మధ్యలో కుంకుమ అద్దేదాన్ని.

ఆ చప్పుడు మామయ్యగారిని వదల్లేదు. బండి మెల్లగా పోతున్నప్పుడు వస్తుందన్నారు. మలుపు తిరిగితే ఎక్కువవుతుందన్నారు. మావారు విసుక్కుంటూనే సనత్‌నగర్ వెళ్లే దారిలో ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. అతను ముందు చక్రాల దగ్గర ఏవో విప్పి బిగించాడు. ఒక్కడే ఎక్కి ఓ చుట్టు తిప్పుకొచ్చాడు.

"నడిపి చూసిన సార్. సప్పుడు గిప్పుడు ఏం లేదు. బండి మస్తుగుంది, ఫికర్ చెయ్యకుండ్రి."

"మా నాన్నగారికి వినిపిస్తోందట భాయ్."

"పెద్దాయన ఎక్కితేనే మోగుతదా సార్? గట్లయితే రిపేర్ బండికి కాదు," అని నవ్వాడు.

మావారూ నవ్వారు. ఇంటికొచ్చి ఆ నవ్వు సంగతి నాకు చెప్పారు. వెనక గదిలో ఉన్న మామయ్యగారికి అది వినిపించింది. ఆయన అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నారు.

ఆ తర్వాత మాట ఇంకా ముదిరింది. రక్తంలో మలినాలు పెరిగితే కొందరికి మనసు తికమకపడుతుందని, లేనివి ఉన్నట్టు అనిపిస్తాయని ఆసుపత్రిలో డాక్టరు ఎప్పుడో అన్నారు. మావారు దాన్ని పట్టుకున్నారు. ఒక సాయంత్రం తన జిరాక్సు షాపు మూసి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి అన్నారు:

"నాన్నకి మతి తప్పుతోందేమో. తలకి స్కానింగ్ తీయిద్దామా?"

రైసు మిల్లులో అన్నేళ్లు గుమాస్తాగా చేసి, ఈ వయసులోనూ నేను చదివే పద్యాల్లో తప్పులు దిద్దే మనిషి గురించా ఈ మాట? కాదని గట్టిగా అనడానికి, ఆ చప్పుడు నేనూ వినలేదు.

మంగళవారం ఆసుపత్రి నుంచి వచ్చాక మామయ్యగారు మంచం మీద కూర్చుని, కొడుకు వైపు చూడకుండా చెప్పారు.

"శుక్రవారం నేను ఆ కారెక్కను. మతి పోయిందనుకుంటే అనుకోండి."

"డయాలసిస్ మానేస్తావా నాన్నా? ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడు!"

"చేరితే చేరనీ."

ఆ రెండు రోజులూ నా పూజంతా ఒక్క మాటే. శుక్రవారం ఆయన్ని ఎలాగోలా కారెక్కించు తండ్రీ.

శుక్రవారం తెల్లవారింది. ఆయన పాదాలు అప్పటికే ఉబ్బాయి. స్నానం చేసి, గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు గానీ బట్టలు మార్చుకోలేదు. నేను పసుపు గిన్నె పట్టుకుని కారు దగ్గరికి వెళ్లాను. పాత బొట్టు తుడిచి కొత్తది పెట్టడం అలవాటు. ముందు చక్రాలు రెండూ అయ్యాయి. కుడి వెనక చక్రమూ అయింది. చివరికి ఎడమ వెనక చక్రం దగ్గర వంగాను.

బొట్లు చీలిపోయి ఉన్నాయి. ఒక్కటి కాదు, ఆ చక్రం మీదివన్నీ. నట్టు మీద సగం, చక్రం మీద సగం, రెండు సగాలూ ఒకదానికొకటి అందకుండా పక్కకి జరిగి ఉన్నాయి. మిగతా చక్రాలకు గుండ్రంగా నిలిచిన పసుపు, కిందటి వారం దాకా ఇక్కడా బాగానే ఉన్న పసుపు, ఇప్పుడెందుకిలా అయింది? బొట్టు విరగడమంటే నాకు తోచింది ఒక్కటే, అపశకునం. అదీ ఆయన కూర్చునే వైపు. ఎవరూ చూడకముందే తుడిచేద్దామని గుడ్డ తీశాను.

"ఏమ్మా, అలా కొయ్యబారిపోయావ్?" అన్నారు మామయ్యగారు.

ఆయన దగ్గర అబద్ధమాడలేకపోయాను. చెప్పాను. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి, నా భుజం ఆసరాగా వచ్చి నిలబడ్డారు. చాలాసేపు చూశారు.

"పసుపు తనంతట తను పక్కకి జరగదమ్మా. నట్టు తిరిగితే జరుగుతుంది. పట్టుకుని చూడు."

పట్టుకున్నాను. పానాతో బిగించిన ఇనుము నా వేళ్లకు కదులుతుందా అనుకుంటూ తిప్పాను. సీసా మూతలా తిరిగింది. ఇంకో రెండు చుట్లు తిప్పేసరికి ఊడి నా అరచేతిలో పడింది. రెండోదీ అంతే. మూడోది పట్టుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. అరచేతిలో ఆ రెండు నట్లూ, వాటికంటుకున్న కుంకుమా. మావారిని కేకేశాను.

మంగళవారం ఆ చక్రం మీదే పంజాగుట్ట వెళ్లాం. వచ్చేటప్పుడు ఆయన దాని మీదే నిద్రపోయారు. మా ముందు ఒక బస్సు, వెనక ఇంకో బస్సు.

నా కేక విని మావారు సగం గీసుకున్న గడ్డంతో పరుగెత్తుకొచ్చారు. నేను చెయ్యి చాపాను. ఆయన నట్ల వంక చూశారు, చక్రం వంక చూశారు, తండ్రి వంక చూశారు. ముఖం మీద సబ్బు నురుగు ఎండిపోతోంది.

"ఇది... ఎన్నాళ్లుగా?" అన్నారు చివరికి.

"నేను చెబుతున్నన్నాళ్లుగా," అన్నారు మామయ్యగారు.

ఫోన్ చేస్తే మెకానిక్ స్కూటర్ మీద వచ్చాడు. చక్రం ఊడదీసి, మా వైపు తిప్పి చూపించాడు. చక్రంలో నట్లు పట్టే రంధ్రాలు అరిగిపోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. ఇక నట్లు ఎంత బిగించినా నిలవవన్నాడు.

"పెద్దాయన కూసుంటె ఆయన బరువు గీ చక్రం మీదనే పడ్తది సార్. నేనొక్కన్నే తిప్పితే ఏం ఇనబడ్తది? ముందటివి కాదు, ఎనుకవే చూడాల్సుండె." మామయ్యగారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "నవ్విన, మాఫ్ చెయ్యి తాతా."

"నువ్వు ఒక్కసారేగా నవ్వావు," అన్నారు ఆయన.

మావారు తల దించుకున్నారు.

వేరే చక్రం తెప్పించి బిగించేసరికి ఎండెక్కింది. ఆసుపత్రికి ఫోన్ చేసి ఆలస్యంగా వస్తామంటే, పుణ్యాత్ములు, మధ్యాహ్నం మంచం ఇస్తామన్నారు. కానీ ఆయన ఎక్కుతారా? మావారు వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డారు. ఎక్కమనలేదు, బతిమాలలేదు. మామయ్యగారు కాసేపు ఆ తలుపు వైపు చూసి, లోపలికి వెళ్లి బట్టలు మార్చుకుని వచ్చారు.

బయల్దేరాం. మనసులో శ్లోకం మొదలుపెడితే రెండో పాదం గుర్తుకు రాలేదు. జరగబోయి ఆగినదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు అలాగే అవుతుంది. పంజాగుట్ట చౌరస్తా ఇంకా కాస్త దూరం ఉందనగా, వాహనాలు కిక్కిరిసిన చోట, వెనకనుంచి మామయ్యగారి గొంతు వినిపించింది.

"ఒరేయ్, ఏదో చప్పుడు."

మావారు అప్పుడే, అక్కడే ఆపేశారు. వెనక ఆటోలు, బస్సు ఒక్కసారిగా హారన్ కొట్టాయి. ఎవరో "దిమాగ్ ఉందా భాయ్!" అని అరిచారు. ఆయన వినిపించుకోలేదు. దిగి పరుగున వెళ్లి ఎడమ చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని, నట్లు ఒక్కొక్కటీ పట్టుకుని చూశారు. తర్వాత కిటికీ దగ్గరికి వచ్చారు. ముఖమంతా చెమట.

"ఎక్కడ నాన్నా? ఎటువైపు?"

మామయ్యగారు కొడుకు ముఖం వైపు చూసి, చెయ్యి బయటికి చాపి, చెవి కింద మిగిలిపోయిన సబ్బు మరకను బొటనవేలితో తుడిచారు.

"ఏం లేదులే. ఆపుతావో లేదో చూశాను. పద, బస్సువాడు తిడుతున్నాడు."