సెల్లారులో సున్నపు గీతలు

ఇరవై ఎనిమిదేళ్ళుగా చిన్నతల్లి ఆ సెల్లారులో వంట చేస్తోంది. యాంగోన్‌లోని పబేడాన్‌లో, బట్టల కొట్లకీ బిర్యానీ దుకాణాలకీ నడుమ, మనవాళ్ళ తీరాంధ్ర సేవా సంఘానికి ఒక పాత మేడ ఉంది. వీధిలోంచి ఏడు మెట్లు కిందికి దిగితే ఒకప్పటి బియ్యం గిడ్డంగి. పెళ్ళయినా, బారసాలయినా, పెద్దకర్మయినా ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు ఆ మెట్లు దిగి, ఆవిడ చేతి పులుసు తిని, తేన్చుకుంటూ పైకెక్కినవాళ్ళే. అలాంటి మనిషికి, సెల్లారు బాగుచేయిస్తున్నాం, నీ పొయ్యి ఫలానా చోటికి పోతుంది అని ఒక్కడంటే ఒక్కడు చెప్పలేదు. చెప్పకపోగా, ఆ ప్లాను కోసం కూర్చున్న పదకొండు మీటింగులకీ ఆవిడ చేతే టీ పెట్టించుకున్నారు. ఎంతమంది వచ్చారో తలలు లెక్కపెట్టుకుని అన్ని గ్లాసులు పెట్టేది. ఆ లెక్కలో తన తల ఎప్పుడూ లేదు. పెట్టేవాళ్ళకి తాగాలని ఉంటుందని మన పెద్దమనుషులకి తోచదు కదా!

చిన్నతల్లి పుట్టింది వాగుకి అవతల, తాకేటాలో. తాత సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశాడు. తల్లి రేవు కూలీల మెస్సులో గంజి వార్చింది. భర్త అచ్చన్న ఓడలకి రంగులేసేవాడు, నాలుగు రోజుల జ్వరానికే పోయాడు. అప్పటికి చిన్నతల్లికి ముప్పయ్యేళ్ళు. ఏడుస్తూ కూర్చున్న మనిషిని సంఘం వంటమనిషి వెంకమ్మ రెక్క పట్టుకుని లేపి, బస్సెక్కించి, ఈ ఏడు మెట్లూ దింపింది. "ఇక్కడ ఏడిస్తే ఉల్లిపాయలనుకుంతారు, ఏడు" అందట. అలా దిగిన మనిషి వెంకమ్మ పోయాక కూడా అక్కడే ఉండిపోయింది.

ఆ సెల్లారుకి ఉన్నది ఒకటే కిటికీ. వీధి గోడకి, లోపలివాళ్ళకి తల మీదా బయటివాళ్ళకి కాళ్ళ దగ్గరా ఉంటుంది. దాని కిందే ఎత్తుగా కట్టిన పొయ్యి గట్టు. పొయ్యి దగ్గర నిలబడి తలెత్తితే వీధిలో పోయేవాళ్ళ చెప్పులు కనిపిస్తాయి. ఆ చెప్పుల మధ్యలోంచే పొగ బయటికి పోతుంది. ఆవిడ పనిలో చేరిన మొదటి వానాకాలం, జల్లు లోపలికి కొడుతోందని, ప్రమాదం తెలియక, ఆ కిటికీ రెక్కలు మూసి బొగ్గులు రాజేసింది. అరగంటలో కళ్ళు తిరిగి గిన్నెల మీద పడిపోతే, వెంకమ్మ జుట్టు పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చి బతికించింది. మరి ఆనాటి నుంచీ ఎంత జడివాన కొట్టినా ఆవిడ ఆ కిటికీ మూయలేదు. మధ్యలో కొన్నేళ్ళు గ్యాసు వచ్చింది గానీ, ఈమధ్య బండ దొరకడమే గగనమై, వంటంతా మళ్ళీ బొగ్గుల మీదికే చేరింది.

వానలు ఇంకా పట్టని ఒక ఆదివారం పొద్దున్న పన్నెండో మీటింగు పెట్టారు. వచ్చింది ముగ్గురే. ప్రెసిడెంటు చంద్రరావు, బియ్యం టోకు వ్యాపారి. సెక్రటరీ సత్యప్రసాద్, సెల్‌ఫోన్ల కొట్టు కుర్రాడు. మూడోవాడు మేస్త్రీ ఢిల్లేశ్వరరావు, చిన్నతల్లికి వరసకి తమ్ముడు. ఢిల్లేశ్వరరావుకి తాతల నాటి అలవాటొకటి ఉంది. ఎంత గొప్ప ప్లాను చేతికిచ్చినా ముందు దాన్ని నేల మీద అసలు కొలతల్లో సున్నంతో ముగ్గు పోస్తాడు. ఆ గీతల మధ్య ఇంటివాళ్ళు నాలుగడుగులు నడిచి చూశాకే ఇటుక పెడతాడు.

కరెంటు లేదు. ఎప్పుడొస్తుందో తెలియదు. సత్యప్రసాద్ చెమటలు కక్కుతూ ఫోనులో చూసి కొలతలు చదువుతుంటే, కిటికీలోంచి పడే ఎండలో మేస్త్రీ తాడు పట్టుకుని సున్నం పోస్తున్నాడు. చంద్రరావు ఒక ప్లాస్టిక్ కుర్చీని మూలకి వేయించుకుని, అక్కడ రాబోయే తన ఆఫీసు గదిలో కూర్చున్నట్టే కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఏసీ, చెక్క నేల, అద్దం తలుపు, అన్నీ ఆయన చెప్పి గీయించుకున్నవే.

చిన్నతల్లికి చదువు రాదు. టీలు అందిస్తూ ఫోనులో ఆ రంగుల బొమ్మ ఎన్నిసార్లు చూసినా ఏమీ బోధపడలేదు. కానీ పుట్టినప్పటి నుంచీ వాకిట్లో ముగ్గులేసిన చెయ్యి. నేల మీద గీత పడేసరికి ఒక్కొక్క గదీ లేచి కళ్ళ ముందు నిలబడింది. ఇది వేదిక, ఇది టీవీ గోడ, ఇది పెసిడెంటు గది. చివరికి మెట్ల కింద చీకట్లో చిన్న పెట్టె ఒకటి గీశాడు మేస్త్రీ. గీసి తలెత్తలేదు.

"అదేటిరా ఢిల్లీ? సెప్పులెట్టుకోడానికా?"

మేస్త్రీ తాడు చుట్టడం మొదలెట్టాడు. "కాదప్పా. వంటిల్లంట."

"ప్యాంట్రీ అత్తా," అన్నాడు సత్యప్రసాద్ హుషారుగా. "ఆరడుగులు ఇంటూ ఎనిమిది. త్రీడీలో చూస్తే ఇంకా పెద్దగా ఉంటది."

చిన్నతల్లి టీ గిన్నె దించి పక్కన పెట్టింది. గోడవార బోర్లించిన పెద్ద గుండిగని, మూడువందల మందికి పులుసు కాచేదాన్ని, దొర్లించుకుంటూ తెచ్చి ఆ గీతల మధ్య నిలబెట్టింది. దాని పక్కన అన్నం గుండిగ పెట్టింది. రెండు బొగ్గుల కుంపట్లూ పెట్టింది. ఇక అక్కడ పిల్లి కూడా పట్టదు.

"మరి నానేడుంతాను? గుండిగలోనా?"

ఢిల్లేశ్వరరావు కిసుక్కుమన్నాడు. చంద్రరావు నవ్వలేదు. వాచీ చూసుకున్నాడు.

"కిటికీ ఏదిరా పెసాదూ?" అనడిగింది ఆవిడ.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. మెట్లు దిగి ఇటు తిరగగానే ఎదురుగా కనిపించేది వీధి గోడే కాబట్టి దాతల పేర్లున్న పాలరాతి పలక అక్కడే పెడతారట. పలక అందంగా కనబడాలి కాబట్టి కిటికీ మూసి ప్లాస్టరింగ్ చేయిస్తారట. అందులో మొదటి పేరు ఎవరిదో వేరే చెప్పాలా? మూలనున్న కుర్చీలోనే కూర్చునున్నాడు.

"కిటికీ మూసేత్తే పొగేడకి పోతాది? నానేటవుతాను?"

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడుతున్నాం కదత్తా. యబాదే, యబాదే," అన్నాడు సత్యప్రసాద్, ఫరవాలేదు ఫరవాలేదని బర్మా మాటలో బుజ్జగిస్తూ.

"ఫేనా?" చిన్నతల్లికి ఒళ్ళు మండిపోయింది. "కరెంటేదిరా నీ ఫేనుకి? ఢిల్లీ ఇప్పుడు ఏ ఎలుతురులో సూసి ముగ్గు పోత్తున్నాడు? ఆ కిటికీ ఎలుతురు కాదేటి? ఓసారి అది మూసి బొగ్గులెలిగిత్తేనే నాను సచ్చి బతికినాను. వెంకమ్మప్ప లేకపోతే ఆ రోజే నాకు పెద్దకర్మ సేసీసుందురు, ఇక్కడే!"

ఆ మాటకైనా ఎవరైనా ఉలిక్కిపడాలి కదా! మనిషి ప్రాణం సంగతి అది. చంద్రరావు విసుగ్గా చెయ్యి ఊపాడు. "చిన్నతల్లీ, ఇవన్నీ ఇంజినీరు చూసుకుంటాడు. నీకెందుకివన్నీ? నువ్వు టీ సంగతి చూడు."

ఆవిడ పొయ్యి పక్కనున్న పెద్ద ట్వంటే మట్టిజాడీ మూత తీసి, బకెట్ నిండా నీళ్ళు ముంచి, మెట్ల దగ్గరికి మోసుకెళ్ళి, ఆఖరి మెట్టు మీంచి ధడాలున కుమ్మరించింది. ఇంకో బకెట్ తెచ్చింది. మూడోది కూడా. ఆపబోయిన మేస్త్రీని మోచేత్తో నెట్టేసింది. నీళ్ళు వేదిక గీతని దాటాయి, టీవీ గోడని దాటాయి, పోసిన సున్నాన్ని వెంటబెట్టుకుని నేరుగా ఆ మూలకి పోయి పెసిడెంటు ఆఫీసులో మడుగు కట్టాయి. చంద్రరావు లుంగీ మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని లేచాడు.

"నీకేమైనా మతిపోయిందా?"

"ఇరవై ఎనిమిదేళ్ళు కడిగినాను బాబూ ఈ నేల. ఏ నీళ్ళు ఏడకి పోతాయో నాకు తెల్దా? వానొత్తే ఆ మెట్ల మీంచి మూడు బకెట్లు కాదు, మూడొందల బకెట్లు దిగుతాయి. అన్నీ ఆ మూలకే సేరతాయి. అందుకే వెంకమ్మప్ప పొయ్యిని ఎత్తు మీద, కిటికీ కింద ఎట్టింది. మీరు పదకొండు మీటింగులు కూసున్నారు. ఒక్కడైనా నన్నడిగినారా?"

మేస్త్రీ వంగి అరచెయ్యి నేల మీద ఆనించి చూశాడు. "అప్ప సెప్పింది నిజమే బాబూ. ఆ మూల రెండంగుళాలు దిగుంది."

అంతే, మొత్తం మారిపోయింది. చెక్క నేల ఉబ్బిపోతుందన్నాడు సత్యప్రసాద్. ఏసీ వైర్లు కూడా తడుస్తాయన్నాడు మేస్త్రీ. అంత ఖర్చూ నీళ్ళపాలేనా అని చంద్రరావు గుండె పట్టుకున్నాడు. పది నిమిషాల్లో ఆఫీసు పై అంతస్తుకి వెళ్ళిపోయింది. ఆఫీసుతో పాటు ఆయన పేరున్న పలక కూడా పైకే పోయింది. పలక పోయాక కిటికీ మూయాల్సిన పనే లేకపోయింది. మెట్ల కిందికి నీళ్ళు దిగుతాయి కాబట్టి అక్కడ వంటిల్లూ కుదరదన్నారు. పొయ్యి గట్టు ఉన్నచోటే ఉంటుందన్నారు. ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకుని, ఒకరికొకరు తలలూపుకున్నారు. పక్కనే తడి కాళ్ళతో నిలబడ్డ మనిషి వైపు మాత్రం ఎవరూ తిరగలేదు.

కావలసిందంతా దొరికింది. కిటికీ మిగిలింది, గట్టు మిగిలింది, ఊపిరి మిగిలింది. అయినా చిన్నతల్లికి కడుపులో మంట చల్లారలేదు సరికదా, ఇంకా రాజుకుంది. ఎందుకు చల్లారుతుంది?

"బాబూ," అంది. "నాకు ఊపిరాడదు, సచ్చిపోతానంటే ఇనలేదు. సెక్క తడుత్తాదంటే ఇన్నారు."

సత్యప్రసాద్ ఫోనులోకి తల దూర్చాడు. ఢిల్లేశ్వరరావు చేతికంటిన సున్నం లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. వీధిలో పోయే చెప్పుల చప్పుడు కిటికీలోంచి వినబడుతోంది.

"సరేలే చిన్నతల్లీ," అన్నాడు చివరికి చంద్రరావు. "అంతా నువ్వు కోరినట్టే అయింది కదా! ఆ టీ ఇలా తీసుకురా."

చిన్నతల్లి గోడవారనున్న ఇంకో ప్లాస్టిక్ కుర్చీని తడి నేల మీద బరబరా ఈడ్చుకొచ్చి, సరిగ్గా వాళ్ళ ముగ్గురి మధ్యలో వేసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. ఆ సెల్లారులో ఒక మీటింగులో ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

"ఆ టీ సల్లారిపోనాది. పెసాదూ, ఎదురు కొట్టుకెల్లి తేరా. ఢిల్లీ, ముగ్గు మల్లీ పొయ్యి. నా పొయ్యికాడి నుంచి మొదలెట్టు."

మేస్త్రీ అలవాటుగా ప్రెసిడెంటు మొహం చూశాడు. ప్రెసిడెంటు తన తడిసిన లుంగీ అంచు చూసుకుంటున్నాడు. మేస్త్రీ సున్నం డబ్బా తీసుకుని పొయ్యి గట్టు వైపు నడిచాడు.

సత్యప్రసాద్ ఫోను జేబులో వేసుకుని మెట్లెక్కుతూ మధ్యలో ఆగి వెనక్కి చూశాడు. "మూడు టీలే కదత్తా?"

"నాలుగు," అంది చిన్నతల్లి.