మార్తమ్మ అల్లిన స్వెట్టరు

ఆళ్లగడ్డలో ఊలు స్వెట్టర్లు అల్లే మార్తమ్మ ఎవర్నీ నమ్మేది కాదు. నీళ్లు కలిపారేమోనని పాలలో వేలు ముంచి చూసేది. ఎవరైనా పలకరిస్తే వాళ్ల ముఖం చూసేది కాదు, చేతులు చూసేది. అల్లేటప్పుడు ఊలుండను ఒళ్లోనే దాచుకుని, వీధి తలుపు కనబడేట్టు గోడకు ఆనుకుని కూర్చునేది. మొగుడు పోయిన ఏడే మరుదులు తియ్యగా మాట్లాడి చేను కాజేశారు. ఆ అనుమానపు చూపు అప్పుడొచ్చిందే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, క్రిస్మస్‌కు తొడుక్కోవాలని జక్కరయ్య మాస్టరు ఆమెతో స్వెట్టరు అల్లించుకున్నాడు. పెండ్లాం పోయి ఒంటిగా ఉండే మనిషి. మొదట చేతులు పొట్టి అన్నాడు. ఆమె విప్పి అల్లింది. తర్వాత మెడ బిగువన్నాడు. మళ్లీ విప్పింది. ఆఖరికి నడుము వదులనేసరికి సూదులు కింద పెట్టేసింది.

"ఏంది మాస్టరూ, నా ఇంట్లో ఏం ఎతుకుతాండావు? ఎవరు పంపినారు నిన్ను?"

"ఎవరూ పంపలే. స్వెట్టరు బాగానే ఉంది. అది అయిపోతే ఈడికొచ్చే పనుండదని అట్లంటి. నన్ను పెండ్లి చేసుకుంటావా, మార్తమ్మా?"

ఆమె సూదులు మళ్లీ చేతిలోకి తీసుకుంది. చూపు మాత్రం మెత్తబడలేదు. "ఈ మాట చర్చిలో అందరి ముందర చెప్పు, సూస్తా" అంది.

పండగనాడు ఆరాధన కాగానే, స్వెట్టరు తొడుక్కున్న మాస్టరు లేచి నిలబడి చెప్పేశాడు. ఆడవాళ్ల వరసలో గుసగుసలు మొదలైనాయి. మార్తమ్మ నేరుగా పాదిరయ్య దగ్గరికి పోయి, "విన్నారు గదా అయ్యా? రేపు వినలేదనొద్దు" అంది. ఆయన తలూపాడు. అప్పుడుగానీ ఆమె మాస్టరు వైపు తిరిగి నవ్వలేదు.