పెట్టిన చేతే పొడవాలి

శేషారత్నానికి భగవంతుడు రెండు వరాలిచ్చాడు: గట్టి పళ్లు, మతిమరుపు లేకపోవడం. అరవై దాటాక మొదటిది కొంత సడలింది. రెండోది సడలలేదు. తన పెళ్లిలో పుట్టింటివాళ్లను రెండో బంతిలో కూర్చోబెట్టిన ఆడపడుచు ఇంట్లో ఆవిడ ఇప్పటికీ మంచినీళ్లు ముట్టదు. అలాగని ఆ ఇంటికి వెళ్లదా అంటే తప్పకుండా వెళుతుంది. మంచినీళ్లు ముట్టకుండా కూర్చోవడానికే వెళుతుంది.

నరసరావుపేట దగ్గర పుట్టి, మందుల ఫ్యాక్టరీలో లెక్కలు చూసే వెంకటరామయ్యను కట్టుకుని మేడ్చల్ వచ్చి, అక్కడొక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పి, రిటైరయ్యాక మచ్చ బొల్లారంలో స్థిరపడింది. బడిలో ఆవిడ ఏనాడూ బెత్తం పట్టలేదు. బెత్తం తెలివితక్కువవాళ్ల ఆయుధమని ఆవిడ అభిప్రాయం. గోడ మీద రాసినవాడి చేత ఆ గోడే కడిగించేది. పక్కవాడి టిఫిన్ డబ్బా ఖాళీ చేసినవాడి చేత మర్నాడు ఇద్దరికి సరిపడా తెప్పించేది. తప్పు ఏ చేత్తో చేస్తే శిక్ష ఆ చేత్తోనే అనుభవించాలన్నది ఆవిడ శిక్షాస్మృతిలో మొదటి సెక్షన్. రెండో సెక్షన్ లేదు.

రిటైరయ్యాక శిక్షించదగినవాళ్లలో వెంకటరామయ్య ఒక్కడే మిగిలాడు. ఆయన తప్పులు చేసేంత చురుకైన మనిషి కాడు. ఆ కరువు రోజుల్లో, ఒక వానలో, మోటారు షెడ్డు మీంచి పిల్లి దిగింది. నడక చూసి వెంకటరామయ్య నవాబు అని పేరు పెట్టాడు. పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు, వడ్డించింది నచ్చకపోతే గిన్నె వైపు చూసి మనిషి వైపు చూస్తుంది. తనకంటే మొండి ప్రాణిని మొదటిసారి చూసిన శేషారత్నం దానికి మనసిచ్చేసింది. మొగుడికి కూడా ఇంతవరకు పూర్తిగా ఇవ్వలేదు.

నవాబు బలిశాడు. "పిల్లి కాదండీ, దూడ" అని కాలనీ అంతా మెచ్చుకుంది. తర్వాత ఏమైందో, బకెట్లో తల పెట్టి నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. తాగినదంతా ఇల్లంతా పంచాడు. తింటూనే చిక్కిపోయాడు. గోడ ఎక్కబోయి జారిపడి, కావాలనే దిగినట్టు మొహం పెట్టాడు. శేషారత్నం ఆ మొహం చూసి తట్టుకోలేక బుట్టలో వేసుకుని ఆటోలో మేడ్చల్ తీసుకెళ్లింది.

పశువుల డాక్టరు బిందు రక్తం, మూత్రం చూసి కళ్లజోడు తీసింది.

"పరేషాన్ గాకుండ్రి అమ్మా. షుగర్ వచ్చింది."

"ఎవరికి?"

"మీ నవాబుకే."

"మా వంశంలో ఎవరికీ లేదే!"

"ఆయన మీ వంశం గాదు గద అమ్మా. ఏం పెడ్తరు?"

"పెరుగన్నం. పాలన్నం. పండగొస్తే నెయ్యన్నం."

"పిల్లి మాంసం దినే జీవి. గిట్ల అన్నం మీద అన్నం పెట్టి లావు జేస్తే షుగర్ రాక ఏమొస్తది? తీపి గిట్ల ఏమన్న తింటడా?"

"తీపా? గుంటూరు జిల్లావాళ్లమమ్మా. మా ఇంట్లో పాయసం కూడా భయపడుతూ వండుతాం."

"మరి బయట ఎవరన్న పెడ్తున్నరేమో జూడుండ్రి. పిల్లికి తీపి రుచే తెలవదు. నెయ్యి వాసన తలిగితే తింటది."

పెరుగన్నం గురించిన ముక్క శేషారత్నం చెవి దాకా వచ్చి, లోపలికి వెళ్లకుండానే వెనుదిరిగింది. ఎవరో పెడుతున్నారన్న ముక్క మాత్రం నేరుగా లోపలికి వెళ్లి పీట వేసుకుని కూర్చుంది.

డాక్టరు ఇన్సులిన్ సంగతి చెప్పింది. పొద్దునా సాయంత్రం, ఒకే వేళకు. సీసా గిలకొట్టొద్దు, ఫ్రిజ్‌లో పెట్టాలి. మెడ వెనక తోలు పైకి లేపి, ఆ మడతలోకి సన్నటి సూది. "కడుపు నిండ తిన్నంకనే ఇయ్యాలె. తినకుంటే సూది ఇయ్యొద్దు, నాకు ఫోన్ జెయ్యాలె. ఇచ్చినంక తూలినా, పడిపోయినా జల్దీ చిగుళ్లకు తేనె రుద్దుండ్రి. షుగర్ ఎక్కువైతే మెల్లగ సంపుతది. తక్కువైతే ఒక్క గంటలనే సంపుతది."

ఇంటికి రాగానే విచారణ మొదలైంది. మొదటి సాక్షి సిద్దమ్మ. వీళ్లింట్లోనూ ఎదురింట్లోనూ గిన్నెలు తోముతుంది కనుక రెండు దేశాల రహస్యాలూ ఆమె కొంగున ఉంటాయి.

"ఎవరు పెడుతున్నారే వీడికి తీపి?"

"గా కామేశ్వరమ్మ ఇంట్ల రోజు బెల్లం పొంగలి తింటడు గద! మీకు ఎర్క లేదా అమ్మా? ఆకు ఏసి మరీ పెడ్తది."

ఎదురింటి కామేశ్వరమ్మది గోదావరి జిల్లా. పప్పుచారులో కూడా బెల్లం వేసే జాతి. ఆవిడ భర్త యజ్ఞనారాయణకు పాతకాలపు షుగరు. ఆయనకు రెండు పూటలా ఇన్సులిన్ పొడిచేది ఆవిడే. ఒకసారి ఆయన షుగరు హద్దు మీరితే, ఆవిడ దేవరయాంజాల్ వెళ్లి సీతారామస్వామికి మొక్కుకుంది: ఈయన షుగరు అదుపులోకి వస్తే బతికినన్నాళ్లూ ఇంట్లో నీకు రోజూ బెల్లం పొంగలి నైవేద్యం పెడతాను స్వామీ అని. స్వామి మాట నిలబెట్టుకున్నాడు. ఆవిడా నిలబెట్టుకుంది. స్వామి ఎలాగూ తినడు, మొగుడు తినకూడదు, ఈమధ్య తనకూ షుగరు అంటుకుంది, ప్రసాదం పారేస్తే పాపం. సరిగ్గా ఆ ధర్మసంకటంలో నవాబు గోడ దిగి వచ్చాడు. స్వామే పంపాడనుకుంది.

"రుచి కూడా తెలియని రోగం పెట్టిందండీ!" అంది శేషారత్నం మొగుడితో, పళ్లు నూరుతూ. "తీపి తిని షుగరు తెచ్చుకున్నవాడికి తిన్న సుఖమైనా ఉంటుంది. వీడికి అదీ లేదు."

"మన పెరుగన్నం మాటో?" అన్నాడు వెంకటరామయ్య.

శేషారత్నం ఆయన వైపు చూసింది. ఆయన పేపరు విప్పుకున్నాడు.

యుద్ధసన్నాహంగా ఆవిడ ఇంట్లో ఉన్న పంచదార, బెల్లం, చివరికి జలుబుకి దాచిన తేనెసీసా కూడా సిద్దమ్మకిచ్చి పంపేసింది. ఈ ఇంట్లో ఇక తీపి అనే పదార్థం ఉండదని ప్రకటించింది. వెంకటరామయ్య మర్నాడు పంచదార లేని కాఫీని కషాయంలా ఒక్క గుక్కలో మింగేశాడు.

శుక్రవారం కామేశ్వరమ్మ ఇంట్లో కాలనీ ఆడవాళ్లు లలితా సహస్రనామం చదువుతారు. శేషారత్నం ఫలశ్రుతి దాకా ఓపిక పట్టింది. దేవుడి దగ్గర మర్యాద దేవుడిదే. హారతి అయ్యాక లేచి నిలబడింది.

"కామేశ్వరమ్మగారూ, మీ ప్రసాదం తిని మా నవాబు చావబోతున్నాడు."

తాంబూలాలు అందుకుంటున్నవాళ్లు ఇటు తిరిగారు.

"అయ్యయ్యో, అదేంటండీ వదినగారూ! ప్రసాదం గదండీ, పారేస్తే కళ్లు పోతాయి గదండీ!"

"మీ కళ్లు దక్కాయి. వాడి ప్రాణం పోతోంది. రోజూ రెండు పూటలా సూది పొడవాలట. మూడు రోజులుగా ఆటోలో మేడ్చల్ తీసుకెళ్లి పొడిపిస్తున్నాను."

"ఎంత పాపమండీ! నేనేం చెయ్యమంటారండీ మరి?"

ఈ ప్రశ్న కోసమే శేషారత్నం మూడు రోజులుగా నిద్ర కాచింది.

"పెట్టిన చేతే పొడవాలి. రెండు పూటలా మీరే వచ్చి పొడవాలి."

"నేనాండీ? పిల్లినాండీ?"

"మీ ఆయన్ని పొడవట్లేదూ?"

"ఆయన గీరరు గదండీ!"

లోపలి గదిలోంచి యజ్ఞనారాయణ గొంతు వినిపించింది. "ఆ అవకాశం నాకెప్పుడిచ్చావే?"

శిక్ష అమలైంది. పొద్దున్నే కామేశ్వరమ్మ మోచేతుల దాకా పాత తువ్వాలు చుట్టుకుని రోడ్డు దాటి రావడం, కాలనీ గేట్ల దగ్గర నిలబడి చూడటం, శేషారత్నం వరండాలో కుర్చీ వేసుకుని పర్యవేక్షించడం నిత్యకృత్యమయ్యాయి. పనులు పంచారు: డాక్టరు రాసిచ్చిన డబ్బా తిండి పెట్టి, నవాబు తిన్నాడని తేల్చాల్సింది శేషారత్నం. పొడవాల్సింది కామేశ్వరమ్మ. సూది సన్నం, నవాబుకి నొప్పి అంతగా ఉండేది కాదు. అయినా శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు మూలగాలన్న రాజనీతి వాడికి తెలుసు. వాడు మూలిగినప్పుడల్లా శేషారత్నం, "చూశారా, ఎవరి పుణ్యమో!" అనేది. కామేశ్వరమ్మ తల దించుకునేది. ఇంత తీయని రోజులు శేషారత్నం జీవితంలో లేవు. నవాబు కూడా నీళ్లు తగ్గించి, గోడ ఎక్కసాగాడు.

ఆ రోజు పొద్దున శేషారత్నానికి మాటలు బాగా కుదిరాయి. గోదావరి బెల్లం మీద మొదలుపెట్టి, మొక్కుల మీదుగా, పరాయి ఇంటి పిల్లలను తిండితో వలేసే ఆడవాళ్ల దాకా వచ్చింది. మధ్యలో కామేశ్వరమ్మ మందు తీసి పట్టుకుని అడిగింది.

"తిన్నాడాండీ?"

శేషారత్నం ఓరగా చూసింది. గిన్నె ఖాళీగా మెరుస్తోంది. "తినకేం! కానివ్వండి" అని, ఆపిన చోటి నుంచి మళ్లీ అందుకుంది.

పొద్దెక్కాక నవాబు వంటింట్లోంచి వస్తూ తూలాడు. వెనక కాళ్లు రెండు వైపులకు జారాయి. లేవబోయి పక్కకు ఒరిగాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడటం లేదు.

శేషారత్నం వంటింట్లోకి పరిగెత్తింది. అలమార తెరిచింది. పంచదార లేదు. బెల్లం లేదు. తేనె లేదు. మిరపకారం ఉంది, మూడు రకాలు. ఆవిడ విజయం ఆ అలమారలో సంపూర్ణంగా కనిపిస్తోంది.

చెప్పులు లేకుండా, పిల్లిని పమిటలో చుట్టుకుని రోడ్డు దాటింది. ఆ గుమ్మంలో ఎప్పుడూ రాని మాట నోటికి వచ్చింది.

"వదినా! తీపి! తీపి ఏదన్నా తే!"

కామేశ్వరమ్మ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. దేవుడి గూట్లో పంచామృతానికి ఉంచిన తేనెసీసా తెచ్చి, వేలు ముంచి నవాబు చిగుళ్లకు రుద్దింది. "స్వామీ, స్వామీ" అంటూ మళ్లీ రుద్దింది. కొంతసేపటికి చెవి కదిలింది. తర్వాత తోక. తర్వాత నవాబు ఆ వేలు కొరికాడు. ఇద్దరాడవాళ్లూ ఏడ్చారు, వేర్వేరు వైపులకు తిరిగి.

వెంటనే ఇద్దరూ ఒకే ఆటోలో మేడ్చల్ వెళ్లారు. డాక్టరు బిందు సాయంత్రం దాకా నవాబును అక్కడే ఉంచి, మందు మోతాదు తగ్గించి, ఇద్దరినీ నిలబెట్టి అడిగింది. "తినకుంటే ఇయ్యొద్దన్న గద?"

"గిన్నె ఖాళీగా ఉంది" అంది శేషారత్నం.

ఆ ఖాళీ రహస్యం మర్నాడు సిద్దమ్మ విప్పింది. "అది నేను గడిగిన గిన్నె అమ్మా! వాడు ముట్టనే లేదు. చీమలు వట్టినయని పారబోసి తోమి పెట్టిన. మీరు గామెను తిట్టుడుల ఉన్నరు, నేను చెప్తే ఇనలే."

మందు పట్టుకుని కూర్చున్న కామేశ్వరమ్మ ఇదంతా విన్నది. ఆ పూట నవాబు చివరి ముక్క మింగేదాకా తన కళ్లతో చూసి, పొడిచి, తువ్వాలు విప్పి మడత పెట్టింది. తర్వాత చాలా మెత్తగా అడిగింది.

"వదినగారూ, పొడవాల్సింది నేనూ, చూడాల్సింది మీరూనూ. అంతేగదండీ?"

"అంతే."

"మరి చూడలేదు గదండీ. మరి మీకేంటండీ శిక్ష?"

వెంకటరామయ్య పేపరు దించాడు. ముప్ఫయ్యేళ్లుగా ఆయన ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నాడు.

సొంత చట్టాన్ని సొంత వరండాలో కాదనడం శేషారత్నం వల్ల కాలేదు.

"మీరే చెప్పండి" అంది చివరికి.

"నాకేం పగ లేదండీ. కాకపోతే నా మొక్కు అలాగే ఉంది గదండీ. నవాబు తినకూడదు, ఆయన తినకూడదు, నేను తినకూడదు. మీకు షుగరు లేదు, మీ వంశంలోనే లేదన్నారంట. రోజూ పొంగలి పట్టుకొస్తానండీ. నా ఎదురుగా తినాలండీ. చూడకుండానే 'తినకేం' అన్న నోరు గదండీ, ఆ నోటితోనే."

ప్రసాదం వద్దనకూడదు. నరసరావుపేటలోనూ అనకూడదు. మర్నాడు వరండాలో అరిటాకు పడింది. పొంగలి మీద నెయ్యి పేరుకుని మెరుస్తోంది. శేషారత్నం కళ్లు మూసుకుని, పచ్చిమిరపకాయ నంజుకుందామా అని ఒక్క క్షణం ఆలోచించి, అపచారమని మానుకుని, ముద్ద మింగింది. గేట్ల దగ్గర కాలనీ నిలబడి చూసింది. నవాబు గోడ మీంచి చూశాడు.

"ఎలా ఉందండీ వదినగారూ?"

"దివ్యంగా ఉంది" అంది శేషారత్నం పళ్ల మధ్యనుంచి.

"బెల్లం తక్కువైందేమోనని నా భయమండీ" అంటూ కామేశ్వరమ్మ కొసరు వడ్డించింది.